గడప ముందు ఆగిపోయే రోబో

హిమాయత్ సాగర్ చుట్టుపక్కల ఇళ్ళకు దుమ్ము కొదవలేదు. ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రింబగళ్ళు లారీలు, మరోవైపు శంషాబాద్ దాకా లేస్తున్న కొత్త కట్టడాలు. జలాశయం మీది గాలి కోసం పొద్దున కిటికీ తీస్తే, సాయంత్రానికి టీవీ స్టాండు మీద వేలితో పేరు రాయొచ్చు. అందుకే ఇటువైపు చాలామంది రోబో వాక్యూమ్ క్లీనర్ కొనాలని చూస్తున్నారు. కొన్నవాళ్ళలో కొందరు కొద్ది నెలలకే దాన్ని అటకెక్కిస్తున్నారు కూడా. అది ఇంటిని ఎలా చూస్తుందో కొనేముందు ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే దీనికి అసలు కారణమని నా అభిప్రాయం.

ఈ యంత్రం నిన్నమొన్నటిది కాదు. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ 2001లో ట్రైలోబైట్‌ను, అమెరికాలో ఐరోబోట్ 2002లో రూంబాను అమ్మకానికి తెచ్చాయి. తొలి రూంబా దగ్గర ఇంటి మ్యాప్ ఉండేది కాదు. గోడకు తగిలితే ఇంకో దిక్కుకు తిరిగి పోయేది, అంతే. ఇప్పటి చాలా మోడళ్ళ నెత్తిన గుండ్రటి బుడిపె ఒకటి ఉంటుంది. అందులోని లేజర్ గిరగిరా తిరుగుతూ, వెలుతురు గోడకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి దూరం కొలుస్తుంది. ఆ కొలతలతోనే మ్యాప్ గీసుకుంటుంది. కాబట్టి చీకట్లోనూ దారి తప్పదు. అయితే ఆ లేజర్ చూసేది తన ఎత్తులో ఉన్నదాన్నే. నేల మీద పడున్న ఛార్జర్ వైరు, పిల్లల సాక్సు దానికి కనపడవు. గాజు తలుపులోంచి వెలుతురు దూసుకుపోతుంది గనుక అక్కడా తికమకపడుతుంది.

రోబో పొట్ట కింద ఇంకో రకం కళ్ళుంటాయి. అవి నేల మీదికి ఇన్‌ఫ్రారెడ్ కిరణం వదులుతాయి. అది వెనక్కి వస్తే నేల ఉన్నట్టు, రాకపోతే మెట్టు అంచుకు వచ్చినట్టు లెక్క. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. గది అంచుల వెంబడి నల్ల గ్రానైట్ పట్టీ వేయించుకోవడం హైదరాబాద్ ఇళ్ళలో మామూలే. నలుపు ఆ కిరణాన్ని పీల్చేసుకుంటుంది. గ్రానైట్ పట్టీ ముందు యంత్రం టక్కున ఆగి వెనక్కి మళ్ళిందంటే, అది చెడిపోయిందని కాదు, అక్కడ గుంత ఉందనుకుంటోందని. కొందరు ఆ కళ్ళకు తెల్ల కాగితం అంటించేస్తారు. మెట్లున్న డూప్లెక్స్ ఇంట్లో మాత్రం ఆ పని అస్సలు చేయకండి.

తర్వాతిది గడప. హిమాయత్ సాగర్‌తో కలిపి జంట జలాశయాలను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. అందుకే ఇక్కడ పాత ఇల్లు, కొత్త విల్లా పక్కపక్కనే కనిపిస్తాయి. విల్లాలో గదికీ గదికీ మధ్య నేల చదునుగా ఉంటుంది. పాత ఇంట్లో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన చెక్క గడప రెండు మూడు అంగుళాలు లేచి ఉంటుంది. మామూలు రోబో ఎక్కగలిగేది సుమారు రెండు సెంటీమీటర్లు. ఖరీదైన కొత్త మోడళ్ళు ఇంకాస్త ఎక్కుతాయి. కాబట్టి షాపుకు వెళ్ళేముందు స్కేలు పట్టుకుని గడపలు కొలవండి. నాలుగు గదులకు నాలుగు గడపలుంటే, రోజూ దాన్ని చేత్తో ఎత్తి దాటించాల్సిందే. నన్నడిగితే అలాంటి ఇంటికి మంచి చీపురు చాలు.

తొలకరి తర్వాత ఉసిళ్ళ సంగతి చూడండి. రాత్రి ట్యూబులైటు చుట్టూ మూగి, తెల్లారేసరికి గదంతా రెక్కలు రాల్చిపోతాయి. రోబో పక్కన తిరిగే బ్రష్షు ఆ తేలికపాటి రెక్కలను లోపలికి లాగేలోపే చెదరగొడుతుంది. తడిబట్ట కూడా పెట్టి వదిలితే అవి నేలకు అతుక్కుపోతాయి. ఆ రోజుకు చీపురే మేలు. పూజగది ముందు కూడా అంతే. దీపం నూనె చుక్క బట్టకు అంటితే ఇల్లంతా పులిమేస్తుంది. యాప్‌లో ఆ చోటు చుట్టూ గీత గీసి, అటు పోకుండా చేయొచ్చు.

కెమెరా ఉన్న మోడల్ విషయంలో ఆలోచించి అడుగేయాలి. రూంబా పరీక్షా యంత్రాలు ఇళ్ళలో తీసిన ఫొటోలు, వాటిలో టాయిలెట్‌లో ఉన్న ఒక మహిళ ఫొటో సహా, సోషల్ మీడియా గ్రూపులకు చేరాయని 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ బయటపెట్టింది. అవి అమ్మకానికి పెట్టిన యంత్రాలు కావని, పరీక్షకు ఒప్పుకున్నవారి ఇళ్ళలోవని కంపెనీ చెప్పింది. అయినా పడకగదుల్లో తిరిగే యంత్రానికి కెమెరా లేకపోవడమే నాకు నయమనిపిస్తుంది. లేజర్ మోడల్ పని బాగానే చేస్తుంది.

యంత్రం సంరక్షణలో రెండు పనులు మరువకూడదు. కొబ్బరినూనె రాసిన పొడుగు జుట్టు బ్రష్షుకు చుట్టుకుని బిగుసుకుంటుంది. వారానికోసారి కత్తెరతో కత్తిరించి లాగేయాలి. రెండోది ఫిల్టరు. మన సన్నటి దుమ్ముకు అది త్వరగా పూడిపోయి, లాగే బలం తగ్గుతుంది. కడగొచ్చని రాసి ఉంటేనే కడగాలి. తడి పూర్తిగా ఆరాకే బిగించాలి. ముసురు పట్టిన రోజుల్లో ఆరడానికి ఒక రోజు చాలదు, అందుకే కొనేటప్పుడే ఇంకో ఫిల్టరు అడిగి తీసుకోండి.