దవడలో గుంట దానంతటదే పూడుతుందా?

పన్ను పీకించుకున్న చోటును నాలుకతో తడుముకుంటూ, "ఈ గుంట ఎప్పటికి పూడుతుందో!" అని దిగులుపడని వారుండరు. మీకు ఆ దిగులు అక్కరలేదు. ముందు అక్కడ నెత్తురు గడ్డకడుతుంది. ఎముక పెరగడానికి ఆ గడ్డే పునాది. 3 నుంచి 6 నెలల్లో గుంట చాలావరకు ఎముకతో నిండుతుంది. మొదటి రోజున గట్టిగా పుక్కిలించవద్దని, ఉమ్మవద్దని డాక్టర్లు చెప్పేది ఆ గడ్డ ఊడిపోకుండా ఉండాలనే.

మరి తిత్తి లేచో, దెబ్బ తగిలో, కణితి తీసేసినందువల్లో పెద్ద గుంట పడితే? అది దానంతటది పూడకపోవచ్చు. ఎముక నెమ్మదిగా పెరుగుతుంది. చుట్టూ ఉన్న మెత్తని కండ త్వరగా పెరిగి, ఎముక వచ్చేలోగా ఆ చోటును ఆక్రమించుకుంటుంది.

ఈ సంగతిని మనకు తెలియజెప్పింది ఎలుకలే! స్వీడన్ పరిశోధకులు ఎలుకల దవడకు రెండు వైపులా 5 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, ఒకవైపు మాత్రం టెఫ్లాన్ పొర కప్పారు. 1988లో ఫలితాలు ప్రకటించారు. పొర ఉన్న వైపు 6 వారాల్లో ఎముక పూడింది. పొర లేని వైపు 22 వారాలైనా సరిగా పూడలేదు. నేడు దంతవైద్యులు చిగుళ్ళ కింద పొర పరిచేది ఈ సూత్రం మీదే.

"ఎలుకకు నయమైతే మనకూ నయమవుతుందా?" అని మీరడగవచ్చు. తప్పకుండా అవుతుందని చెప్పలేం. ఎలుక ఎముక మన ఎముక కంటే త్వరగా అతుకుతుంది. అందుకే తరువాత కుక్కల మీద, దవడ మనకు దగ్గరగా ఉండే పొట్టి జాతి పందుల మీద చూసి, ఆపైనే మనుషులకు వాడి చూస్తారు. "జంతువుల మీద రుజువైంది" అన్న మాట ఒక్కటే విని డబ్బు ఖర్చు పెట్టకండి. మనుషుల్లో ఫలితం ఎలా ఉందో అడగండి.

ఇంకొక మాట. గుంటలో నింపే పొడుల్లో కొన్ని ఆవు ఎముకతోను, కప్పే పొరల్లో కొన్ని పంది నుంచి తీసిన పదార్థంతోను తయారవుతాయి. పట్టింపు ఉన్నవారు మొహమాటపడక ముందే చెప్పండి. రోగి సొంత ఎముకను, కృత్రిమంగా చేసిన పొడిని వాడే పద్ధతులూ ఉన్నాయి.

ఏ పద్ధతి అయినా బీడీ, సిగరెట్, చుట్ట మానండి. చక్కెర వ్యాధిని అదుపులో ఉంచుకోండి. వాపు, చీము, పెదవి తిమ్మిరి కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే డాక్టరుకు చూపించండి.