ట్రాలీ నిండిందా, బరువు మించిందా? ఆర్‌సీలో చూడాల్సిన రెండు అంకెలు

ఎండాకాలం వచ్చిందంటే మన కొత్తకోట చుట్టుపక్కల ట్రాక్టర్లకు తీరిక దొరకదు. చెరువు మట్టి తోలాలి, పెంట తోలాలి, ఆచ్ఛాదనకు వరిగడ్డి తెచ్చుకోవాలి. చాలామందికి పొలం చేరాలంటే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిందే. అందుకే ఈ సీజన్లో నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్నలు రెండు: "అన్నా, ట్రాలీలో ఎంత వేయొచ్చు? పికప్ వెనక చిన్న ట్రాలీ తగిలించుకోవచ్చా?" వీడియోలో ఆర్‌సీ పట్టుకుని చెప్పిన సంగతే ఇక్కడ లెక్కలతో రాస్తున్నాను.

ఆ రెండు అంకెలు

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 113 చెప్పేది సూటిగా ఉంటుంది. బండి అయినా, ట్రాలీ అయినా, సరుకుతో కలిపిన బరువు ఆర్‌సీలో రాసిన మొత్తం బరువును దాటొద్దు. ట్రాక్టర్‌కు ఉన్నట్టే ట్రాలీకీ సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. లాగే ట్రాక్టర్ నంబరు ట్రాలీ మీద కూడా కనబడాలి.

ట్రాలీ ఆర్‌సీ తీసి ఖాళీ బరువు (అన్‌లాడెన్ వెయిట్), మొత్తం బరువు (గ్రాస్ వెహికల్ వెయిట్) చూడండి. రెండోదాంట్లో నుంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మనం వేయదగ్గ సరుకు. ఉదాహరణకు ఖాళీ బరువు 1,500 కిలోలు, మొత్తం బరువు 5,000 కిలోలు అనుకుందాం. 3,500 కిలోలు, అంటే 35 క్వింటాళ్లు వేయొచ్చు. 40 కిలోల వడ్ల బస్తాలైతే 87. అంతే.

అదే ట్రాలీ, వేరే బరువు

మనం ట్రాలీని కంటితో నింపుతాం, కాంటాతో కాదు. ఇబ్బంది అక్కడే. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్రాలీలో 120 ఘనపుటడుగులు, అంటే దాదాపు 3.4 ఘనపు మీటర్లు పడుతుంది.

- బాగా మాగిన పెంట: ఘనపు మీటరుకు సుమారు 600 కిలోలు. ట్రాలీ నిండితే 2 టన్నుల పైచిలుకు. ఇబ్బంది లేదు.
- తేమ ఉన్న చెరువు మట్టి: ఘనపు మీటరుకు సుమారు ఒకటిన్నర టన్ను. అంచుల వరకు నింపితేనే 5 టన్నులు దాటుతుంది. పైన చెప్పిన ట్రాలీకి ఒకటిన్నర టన్ను ఎక్కువ. ఇక మీద కుప్ప పోస్తే చెప్పనక్కర్లేదు.
- వరిగడ్డి: బరువు తక్కువే. కానీ పక్కలకు, ఎత్తుకు హద్దు మించి పేర్చినా చట్టం వేరుగా తప్పు పడుతుంది.

మట్టి తోలేటప్పుడు ట్రాలీ డబ్బాను మూడింట రెండు వంతులే నింపాలని గుర్తు పెట్టుకోండి. ట్రిప్పులు పెరుగుతాయి, నిజమే. కానీ మన ట్రాలీలు చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. వాగు దిగేచోట వెనక ఉన్న బరువంతా ట్రాక్టర్‌ను ముందుకు తోస్తుంది. యూరప్‌లో మొత్తం బరువు 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకు తప్పనిసరి. ఆ లెక్కన మన ట్రాలీల సంగతి ఆలోచించండి.

బరువు ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. సరుకంతా ముందుకు ఉంటే కొక్కెం మీద భారం పడి, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి. మరీ వెనక్కి వేస్తే ట్రాలీ ఊగుతుంది. ఇరుసు దగ్గర బరువుంచి, కొంచెం ముందుకు మొగ్గేలా సర్దండి.

పికప్ వెనక ట్రాలీ?

పికప్ కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎంత బరువు లాగొచ్చో రాసి లేకపోతే, దాని లాగుడు సామర్థ్యం సున్నా అనుకోండి. వెల్డింగ్ షాపులో కొక్కెం అతికించుకుని ట్రాలీ తగిలిస్తే సరిపోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దని సెక్షన్ 52 చెబుతుంది. లాగే సామర్థ్యం ఉన్న బండికైనా, కొక్కెం మీద పడే బరువు పికప్ సొంత లోడులోకే లెక్క. డ్రైవరు, పక్కన కూర్చున్న మనుషులు, డీజిలు కూడా ఆ మొత్తం బరువులోవే.

పట్టుబడితే

2019 సవరణ తర్వాత సెక్షన్ 194 ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ఒక్కో టన్నుకు మరో 2,000. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మనదే. హద్దు మించి పక్కలకు, ఎత్తుకు పేర్చినా 20,000. కాంటాకు రమ్మంటే బండి ఆపకుండా పోతే 40,000. డ్రైవరే నడిపాడని యజమాని తప్పించుకోలేడు. యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని సెక్షన్ 113లోనే ఉంది.

ట్రాలీ సరుకుకే గానీ మనుషులకు కాదు. 2018 జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. కూలీలను ఆటోలో పంపే ఖర్చు దీని ముందు ఎంత?

నీళ్లు మోయకండి

మనకు ఒక వెసులుబాటు ఉంది. ఎకరానికి కావాల్సిన జీవామృతం 200 లీటర్లు. డ్రమ్ముతో కలిపి 220 కిలోలు దాటుతుంది. ఐదెకరాలకు ఇంటి దగ్గర తయారుచేసి తీసుకెళ్తే టన్నుకు పైనే. అదే పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు తీసుకెళ్లి పొలంలో బోరు నీళ్లతో కలిపితే ఎకరానికి మోసేది 25 కిలోల లోపే. ఐదెకరాలకూ 125 కిలోలు దాటదు. ఘన జీవామృతం కూడా నీడలో బాగా ఆరాకే తోలండి.

తోలుడు మొదలుపెట్టే ముందు మూడు పనులు చేయండి. ట్రాలీ ఆర్‌సీలో రెండు అంకెలు చూడండి. ట్రాక్టర్ ఇన్సూరెన్స్‌లో ట్రాలీ నంబరు ఉందో లేదో చూడండి. మొదటి మట్టి ట్రిప్పును ధర్మకాంటా మీద పెట్టి, మీ పరిమితి ట్రాలీలో ఏ ఎత్తుకు వస్తుందో లోపల రంగుతో గీత గీయండి. ఆ తర్వాత ఎవరు నింపినా, ఎవరు నడిపినా ఆ గీత చూసుకుంటే చాలు.