పస్కాయు ఈస్టరును

వసంతఋతువున పూర్ణిమ సమీపించునప్పటికి యూదుల యిండ్లలో పస్కా పండుగయు, క్రైస్తవుల దేవాలయములలో ఈస్టరు పండుగయు వచ్చును. ఒకటి ఐగుప్తు దాస్యమునుండి ఇశ్రాయేలీయులు విడుదల పొందిన దినమునకు స్మారకము. రెండవది యేసు పునరుత్థానమునకు స్మారకము. ఈ రెంటికిని కాలసామీప్యము తప్ప వేఱు సంబంధము లేదని తలంచువారు పెక్కురు. అది సరికాదని మా యభిప్రాయము. పస్కాను విడిచినచో ఈస్టరునకు అర్థము కుదురదు. ఈ విషయమును క్రైస్తవలోకము చిరకాలము మఱచియుండుటచే కలిగిన యనర్థము స్వల్పము కాదు.

మొదట పేరును విచారింతము. గ్రీకు, లాటిను భాషలలో క్రీస్తు పునరుత్థాన పండుగకు పస్కా యనియే పేరు. ఫ్రెంచివారును రష్యనులును ఆ మాటనుండి పుట్టిన పేర్లనే నేటికిని వాడుచున్నారు. ఈస్టరను పేరు మనకు ఆంగ్లము మూలమున వచ్చినది. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలున అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో, యూదుల పండుగను సూచించు గ్రీకు పదమునకు సయితము ఈస్టరనియే వ్రాసిరి. మన తెలుగు బైబిలు అచ్చట పస్కా యను మాటనే నిలిపినది. ఈ విషయమున మన యనువాదమే మూలమునకు దగ్గఱగా నున్నది.

ఇక కథాంశము. నిర్గమకాండము ప్రకారము సంవత్సరపు మొదటి నెల 14వ దినమున గొఱ్ఱెపిల్లను వధించి, దాని రక్తమును ద్వారబంధములకు పూసి, ఆ రాత్రి మాంసమును పులియని రొట్టెతోను చేదుకూరలతోను భుజింపవలెను. ఆ నెలకే తరువాత నీసాను అని పేరు వచ్చినది. యేసు యూదుడు, ఆ పండుగకై యెరూషలేమునకు వచ్చియే ఆయన సిలువ వేయబడెను. మత్తయి, మార్కు, లూకాలు ఆయన కడపటి భోజనమును పస్కా భోజనముగా వర్ణించిరి. యోహాను మాత్రము పస్కాకు సిద్ధపఱచుకొను దినముననే మరణము జరిగినట్లు చెప్పెను. తేదీయందు భేదమున్నను, ఆ మరణమునకు అర్థమును వారందఱును పస్కాయందే వెదకిరి. పౌలు క్రీస్తునే పస్కా బలిగా పేర్కొనెను. పస్కానుండి ఏడు వారములు లెక్కించి యూదులు చేయు వారముల పండుగయే క్రైస్తవుల పెంతెకొస్తునకు ఆధారము.

కావున తొలినాటి క్రైస్తవులకు కలిగిన సందేహము, పస్కాను ఆచరింపవలయునా యని కాదు, ఏనాడు ఆచరింపవలయునని. ఆసియామైనరు సంఘములు నీసాను 14ననే, అది ఏ వారమైనను, ఆచరించుచుండెను. రోమా సంఘము ఆదివారమును పట్టుకొనెను. సుమారు 155లో స్ముర్న అధ్యక్షుడగు పోలికార్పు రోమునకు పోయి అనికేతుతో వాదించెను. ఇరువురికిని పొత్తు కుదురలేదు. అయినను కలిసి ఆరాధించి శాంతముగా విడిపోయిరి. సుమారు 190లో రోమా అధ్యక్షుడగు విక్టరు ఆసియావారిని వెలివేయ నుంకింపగా, లియోను అధ్యక్షుడగు ఐరేనియసు ఈ పూర్వవృత్తాంతమునే చూపి మందలించెను. తుదకు 325లో నికేయా సభ, పండుగ అందఱకును ఒకే ఆదివారమున జరుగవలెననియు, యూదుల గణనము ననుసరింపరాదనియు నిర్ణయించెను.

మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చు మొదటి పూర్ణిమకు పిమ్మటి ఆదివారము ఈస్టరను సూత్రము ఆ మార్గముననే స్థిరపడినది. ఇందలి పూర్ణిమ గణితసిద్ధము. యూదులు 19 సంవత్సరములలో 7 అధికమాసములను చేర్చుదురు. అధికమాసము మన పంచాంగమునకు క్రొత్త కాదు గనుక తెలుగువారికి ఈ చిక్కు సులభముగా బోధపడును. 2024లో ఈస్టరు ఫాల్గుణ పూర్ణిమను వెన్నంటి మార్చి 31న రాగా, పస్కా చైత్ర పూర్ణిమకు, అనగా ఏప్రిలు 22 సాయంకాలమునకు, జరిగినది. 2025లో పస్కా ఏప్రిలు 12 సాయంకాలమున మొదలయ్యెను. ఈస్టరు ఏప్రిలు 20న వచ్చెను.

లెక్కల భేదముతోనే కథ ముగిసియున్నచో విచారింప పనిలేదు. కాని వేఱుపాటు క్రమముగా వైరమైనది. సామాన్య క్రైస్తవులు యూదుల పండుగలకు పోవుచుండిరనుటకు, 386-387లో అంతియొకయ యందు జాన్ క్రిసొస్తోము వారిని తీవ్రముగా నిందించి చేసిన ప్రసంగములే సాక్ష్యము. క్రీస్తు మరణదోషమును ఒక జాతియంతటికిని అంటగట్టిన బోధ శతాబ్దములు సాగినది. తత్ఫలముగా, ఇంటింట విమోచనగీతములు పాడుకొనవలసిన దినములే యూదులకు భయదినములైనవి. 1903లో రష్యా సామ్రాజ్యమునందలి కిషినేవున ఈస్టరు నాడే మొదలైన అల్లరులలో 49 మంది యూదులు హతులైరి. క్రైస్తవ బాలుని యూదులు చంపిరను అపవాదును అచ్చటి పత్రికయే వ్యాపింపజేసినది.

దిద్దుబాటు ఆలస్యముగానైనను వచ్చినది. 23వ జాన్ పోపు 1959లో శుభ శుక్రవారపు ప్రార్థననుండి యూదులను విశ్వాసహీనులని పేర్కొను విశేషణమును తొలగించెను. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ, యేసు మరణమునకు నాటి యూదులందఱినిగాని నేటి యూదులనుగాని బాధ్యులను చేయరాదని ప్రకటించెను.

ఇపుడు వేఱొక తొందర పొడసూపుచున్నది. కొన్ని సంఘములు యూదుల పస్కా విందును తామే నడిపి, అందలి ప్రతి రొట్టెకును ప్రతి పాత్రకును క్రీస్తుపరముగా అర్థము చెప్పుచున్నవి. ఇది ప్రేమతో చేయు పనియే కావచ్చును. కాని 70లో దేవాలయము కూలిన పిదప, బలి నిలిచిపోగా, ఆ విందును నేటి రూపమున తీర్చి కాపాడుకొన్నవారు యూదులు. ద్వేషమునుండి విముక్తి పొందుటయనగా పరుని సొత్తును తనదనుట కాదు. పిలిచిన యింట అతిథిగా కూర్చుండి వినుట మేలు. కేరళమందలి సిరియా సంప్రదాయ క్రైస్తవులు పవిత్ర గురువారపు రాత్రి పులియని అప్పము చేసి, ఇంటిపెద్ద విఱిచి పంచగా భుజింతురు; దానిని పెసహా యందురు. తమ పూర్వులనుండి వచ్చిన ఆచారముతోనే మూలమును స్మరించుట కిది చక్కని నిదర్శనము.

యూదునకు పస్కా తనంతట పూర్ణమైన పండుగ. దాని సార్థకతకు ఈస్టరు అవసరము లేదు. క్రైస్తవునకు మాత్రము పస్కా లేక ఈస్టరు లేదు. ఋణము ఒక వైపుననే యున్నది. ఈ సంగతి నెఱిగి, ఆ ఋణమును కృతజ్ఞతతో అంగీకరించుటయే పునరుత్థానమును ఆచరించువారికి తగిన పని.