నీటికి, చెట్టుకు, ఎండకు ప్రభుత్వ సాయం: అడిగే ముందు తెలుసుకోవలసినవి

ప్రతి సంవత్సరం ఈ సంచికకు చదువుల గురించో, ఉపకార వేతనాల గురించో రాస్తూ వచ్చాం. ఈసారి కమిటీ పెద్దలు వేరే పని అప్పజెప్పారు. "పర్యావరణానికి, ఊరుమ్మడి పనులకు ప్రభుత్వం కోట్లు ఇస్తోందని పేపర్లో వస్తుంది. అందులో మనలాంటి చిన్న సొసైటీకి అందేది ఏమైనా ఉందా? ఉంటే ఎవరి దగ్గరికి పోవాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క మాటలో చెప్పేది కాదు.

ముందుగా ఒక పాత సంగతి. సర్కారు ఇలాంటి పనులకు సాయం చేయడం కొత్త కాదు. మన సీమ జిల్లాల్లో దశబంధం ఇనాములని ఉండేవి. ఎవరైనా సొంత ఖర్చుతో చెరువు కట్టినా, బావి తవ్వించినా, తెగిన కట్టను నిలబెట్టినా, ఆ నీటి కింద భూముల శిస్తులో కొంత వాటాను ప్రభుత్వం వారికి వదిలిపెట్టేది. పేరును బట్టి అది పదో వంతు, చోటును బట్టి వాటా మారేది. దానికో షరతు ఉండేది: ఆ చెరువును ఎప్పటికప్పుడు మరమ్మతు చేస్తూ ఉండాలి. ఇక పెద్దవాళ్ల నోట 'తకావి' అనే మాట వినే ఉంటారు. 1883లో వచ్చిన భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో వచ్చిన వ్యవసాయదారుల రుణాల చట్టం కింద బావులకు, గట్లకు, ఎద్దులకు, విత్తనాలకు ఇచ్చిన అప్పులవి. దశబంధం గ్రాంటు, తకావి అప్పు. ఈనాడు పథకాల పేర్లు ఎన్ని మారినా, లోపల ఉన్నవి ఈ రెండే.

గ్రాంటు అంటే తిరిగి కట్టనక్కరలేని డబ్బు. అయితే ఊరికే వచ్చే డబ్బు కాదు. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే ఖర్చు చేయాలి, లెక్క చూపాలి, కట్టినదాన్ని కాపాడాలి. చాలా పథకాల్లో డబ్బు ముందుగా మొత్తం చేతికి రాదు. ఒక విడత ఇస్తారు, దాని లెక్క చూసి రెండో విడత ఇస్తారు. కొన్నిటిలో పని పూర్తయ్యాకే సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి "గ్రాంటు వస్తుంది కదా" అని మేస్త్రీని పిలిచి, అప్పు తెచ్చి పని మొదలుపెట్టేవారు ఇబ్బందిలో పడతారు. మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చేవరకు గునపం ఎత్తకపోవడం మంచిది.

సొసైటీకి నేరుగా వచ్చే డబ్బు, ఊరికి వచ్చి మనకూ ఉపయోగపడే డబ్బు వేర్వేరు. మనవాళ్లు మొదటిదాని కోసమే తిరుగుతారు. పెద్ద మొత్తాలు ఉన్నది రెండోదానిలో. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు గ్రామ పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతాన్ని రెండు పనులకు కట్టడి చేసింది. సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకు, వాడిన నీటి పునర్వినియోగానికి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలికి 60, సామగ్రికి 40 నిష్పత్తిలో నీటి కుంటలు, ఇంకుడు గుంతలు, కందకాలు, మొక్కల పెంపకం మన మండలాల్లో చేస్తూ వచ్చారు. ఇలాంటి డబ్బు సొసైటీ ఖాతాలోకి రాదు. కానీ మన వీధి కాలువ నీరు, బడి ఆవరణ వాననీరు, ఖబరస్తాన్ దారి పక్క చెట్లు ఊరి పనులే. గ్రామసభకు పోయి, అర్జీ రాసిచ్చి, అది తీర్మానంలోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి. మనలో ఎంతమంది గ్రామసభకు పోతున్నాం? పెళ్లికి వెయ్యిమందిని పిలిచే వీధి నుంచి గ్రామసభకు పదిమంది కూడా కనపడరు.

మన ప్రాంతానికి ఏ పని ముఖ్యం అంటే మేము నీటినే చెబుతాం. స్వర్ణముఖి నది పుట్టేది మన పాకాల దగ్గరి కొండల్లోనే. కొండ మీద పడిన వాన తిరుపతి, శ్రీకాళహస్తి దాటి సముద్రానికి పోతుంది, ఇక్కడ మనం బోరు మీద బోరు వేస్తాం. ఒక చిన్న లెక్క వేద్దాం, మా అలవాటు అది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. అంటే ఏడాదికి 90,000 లీటర్లు. ఆవిరి, చిమ్ముడు, మొదటి మురికి నీరు పోగా 80 శాతం పట్టుకున్నా 72,000 లీటర్లు. ఆరువేల లీటర్ల ట్యాంకరు అయితే పన్నెండు ట్యాంకర్లు. ఒక్క మిద్దెకే ఇంత. మసీదు మిద్దె, మదరసా మిద్దె, బడి మిద్దె కలిపితే ఎంతో మీరే వేసుకోండి. ఈశాన్య రుతుపవనాల వాన కొద్ది రోజుల్లో దబదబా పడిపోతుంది కనుక గుంత లోతు, గులకరాళ్ల పొరలు, పొంగిన నీరు పోయే దారి ఇంజనీరు చేత గీయించుకోవాలి. వజూ నీటిని మురుగు కాలువలో కలపకుండా వేరే గొట్టంతో చెట్ల పాదులకు మళ్లించడం ఇంకా సులభం. దానికి గ్రాంటు కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా లేదు. చందాల్లో అయిపోయే పని.

చెట్ల విషయంలో మొక్కలు ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతాయి. ఖర్చంతా కంచెకు, రెండు వేసవుల నీటికి. దరఖాస్తులో మొక్కల ధర రాసి ఈ రెండూ మరిచేవారు ఎక్కువ. ఇంకొక మాట: 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ 'వాల్టా' అనేది, చెట్టు కొట్టడానికి ముందు అనుమతి తీసుకోవాలంటుంది. ప్రహరీకి అడ్డం వచ్చిందని ఖబరస్తాన్ వేపను రాత్రికి రాత్రి పడగొట్టి, పొద్దున పచ్చదనం గ్రాంటుకు అర్జీ పెట్టుకుంటే బాగుండదు.

సౌర విద్యుత్తు గురించి అందరూ అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం ఇళ్లకు. ఒక కిలోవాటుకు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు, ఆపైన ఎన్నయినా 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ. పలకలు మన దేశంలో తయారైనవై ఉండాలి. మీటరు బిగించి తనిఖీ అయ్యాకే డబ్బు పడుతుంది. నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకైతే కిలోవాటుకు 18,000 రూపాయలు. ఇది గృహ కనెక్షన్ల పథకం, మసీదుకో మదరసాకో ఇంటి సబ్సిడీ వర్తిస్తుందని చెప్పే ఏజెంటు మాట నమ్మవద్దు. అడ్వాన్సు ఇచ్చే ముందు మన విద్యుత్తు పంపిణీ సంస్థ ఆఫీసులో ఒకసారి అడిగితే పోయేదేమీ లేదు.

ఇక అప్పులు. జాతీయ మైనారిటీల అభివృద్ధి ఆర్థిక సంస్థ 1994లో ఏర్పడింది. రాష్ట్ర సంస్థల ద్వారా అప్పులిస్తుంది, మన రాష్ట్రంలో మైనారిటీల ఆర్థిక సంస్థ ఉంది. ఇవి వ్యక్తులకు, స్వయం సహాయక సంఘాలకు, ఉపాధి కోసం. ఆదాయ పరిమితి ఉంటుంది, తక్కువే అయినా వడ్డీ ఉంటుంది. డ్వాక్రా సంఘాల్లోని మన ఆడపడుచులకు పావలా వడ్డీ, సున్నా వడ్డీ తెలిసినవే. వాటిలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, సకాలంలో కట్టినవారికి ప్రభుత్వం భరిస్తుంది. ఇది మనకు చెల్లుతుందా లేదా అన్నది ఉలమాలను అడగండి. మేము లెక్కలు చెప్పేవాళ్లం, ఫత్వాలు చెప్పేవాళ్లం కాదు.

సొసైటీ పేరుతో అప్పు తెచ్చే ఆలోచన ఉన్నవారికి మాత్రం గట్టిగా చెబుతున్నాం. వక్ఫ్ భూమిని తాకట్టు పెట్టి అప్పు తేవడం కుదరదు. 1995 వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ అమ్మకాన్ని, దానాన్ని, మార్పిడిని, తాకట్టును నిషేధించింది. అప్పుడు బ్యాంకు అడిగేది కమిటీ సభ్యుల సొంత హామీ. మూడేళ్లకు కమిటీ మారుతుంది, సంతకం పెట్టినవారి మెడకు అప్పు మిగులుతుంది. గుంత తవ్వినంత మాత్రాన, చెట్టు నాటినంత మాత్రాన నెలవారీ రాబడి రాదు. రాబడి లేని పనికి అప్పు వద్దనే మా అభిప్రాయం. కరెంటు బిల్లు తగ్గించే సౌర పలకల్లాంటి వాటికైతే, తగ్గే బిల్లు నెల కిస్తీకి సరిపోతుందో లేదో కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

సొసైటీకి నేరుగా సాయం కావాలంటే కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషను, ఏటా సమర్పించే కార్యవర్గ జాబితా, సొసైటీ పేరుతో పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, నీతి ఆయోగ్ వారి దర్పణ్ నమోదు, ఆదాయపు పన్ను శాఖ 12ఎ, 80జి నమోదులు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడగాలన్నా ఇవే, వీటితోపాటు 2021 ఏప్రిల్ 1 నుంచి సి.ఎస్.ఆర్.-1 ఫారం, మూడేళ్ల పని అనుభవం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను పరిధిలోకి వచ్చే కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలి. ఆ జాబితాలో పర్యావరణ పరిరక్షణ ఉంది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు పంపిస్తారంటే ఒక జాగ్రత్త: విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి విరాళం విదేశీ విరాళమే, 2010 చట్టం ప్రకారం అనుమతి లేకుండా తీసుకోకూడదు.

భూమి ఎవరిదన్నది తేలకుండా ఏ దరఖాస్తూ ముందుకు పోదు. వక్ఫ్ భూమి అయితే బోర్డు నుంచి, పంచాయతీ స్థలమైతే పంచాయతీ తీర్మానం ద్వారా అనుమతి తెచ్చుకోవాలి. దరఖాస్తులో ఎందరికి మేలో, ఏ మతం వారైనా వాడుకోవచ్చో లేదో రాయమంటారు. ఇంకుడు గుంత నీరు పక్కింటి రెడ్డిగారి బోరుకూ ఊరుతుంది కదా, ధైర్యంగా రాయవచ్చు.

డబ్బు వచ్చాక అసలు పని మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ గ్రాంటు అయితే 2017 ఆర్థిక నియమాల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అది ఇవ్వని సంస్థకు తర్వాతి విడత ఆగుతుంది. గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉన్నంతకాలం వచ్చిన వడ్డీని కూడా ప్రభుత్వానికే తిరిగి జమ చేయాలి. ఈ ఒక్క నియమం వడ్డీ గురించి మన కమిటీల్లో జరిగే గంటసేపు చర్చను తప్పిస్తుంది! గ్రాంటుకు వేరే ఖాతా, వేరే క్యాష్ బుక్ పెట్టండి. మన వాటా ధనం సాధారణ చందాల నుంచే చూపండి, జకాత్ ఖాతాను దీనితో కలపవద్దు. ఇసుక లోడుకైనా, కూలికైనా వోచరు ఉండాలి. కూలివారి వేలిముద్ర పక్కన సాక్షి సంతకం ఉండాలి. పని మొదలుకు ముందు, మధ్యలో, చివర అదే చోట నిలబడి ఫోటోలు తీయించండి. గుంత మూసి గులకరాళ్లు పోశాక లోతు ఎంతో ఎవరూ కొలవలేరు. అందుకే ఇంజనీరు కొలతల పుస్తకంలో రాసుకోవడానికి వచ్చేదాకా దాన్ని తెరిచే ఉంచాలి, చుట్టూ తాడు కట్టి, పిల్లలు పడకుండా.