మేనమామ జబ్బు మేనకోడలి రాత కాదు

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఎవరో పిలుస్తున్నట్టు గొంతులు వినిపించి, ఒక రాత్రి షిఫ్టు మధ్యలోనే మిల్లు వదిలి వచ్చేశాడు. మొన్న ఆ సంగతి తెలిసి నా కూతురి సంబంధం తప్పిపోయింది. “మేనమామది పిల్లకీ వస్తుంది, మీ రక్తంలోనే ఉంది” అన్నారు. “నా కడుపే అలాంటిది” అని మా అమ్మ ఏడ్చింది.

రాజపాళయంలోనే డాక్టరమ్మని అడిగాను. వయసొచ్చేటప్పుడు మెదడు కణాల మధ్య అక్కరలేని అతుకులు తెగిపోతాయట. ‘సి4’ అనే జన్యువు కొందరిలో ఆ తెంపుడిని ఎక్కువ చేయవచ్చని 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు చెప్పారు. కానీ ఇందులో వందల జన్యువులున్నాయి, ఇతర కారణాలూ ఉన్నాయి. అచ్చు ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికొచ్చినా, రెండోవారికి రాకపోవడమే ఎక్కువ.

తమ్ముడు మాత్రలు మానకుండా వేసుకుని మళ్లీ షిఫ్టుకి పోతున్నాడు. అమ్మ కడుపు తప్పేం లేదు. మీ ఇంట్లోనూ ఈ దిగులుంటే దాచకండి. టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఖర్చులేదు.