కొలువులిస్తనన్న ఒబామాను జనం ఎందుకు నమ్మలె?

ఏ నాయకుడైనా మైకు వట్టి "లక్ష కొలువులిస్తం" అనంగనే కింద కూసున్న పోరగాడు పక్కోని దిక్కు చూసి నవ్వుతడు. ఆ నవ్వు మతలబు మనకు ఎరుకే. కానీ అది ఒక్క మన ఊర్లల్లనే పుట్టే నవ్వు కాదు. డాలర్ల దేశం అమెరికాల గూడ జనం గిట్లనే నవ్విన్రు. అదీ ఎవలి మీద? 2008ల మార్పు తెస్తడని కోట్ల మంది ఓట్లేసి గెలిపిచ్చుకున్న బరాక్ ఒబామా మీద.

2011 సెప్టెంబర్ 8 నాడు ఒబామా పార్లమెంటు రెండు సభల ముందట నిలవడి ఒక కొలువుల బిల్లు పెట్టిండు. వాళ్ల పార్లమెంటును కాంగ్రెస్ అంటరు. ఆ వారంలనే బ్లూంబర్గ్ అనే వార్తా సంస్థ సర్వే చేస్తే, ఈ బిల్లుతోటి నిరుద్యోగం తగ్గదని 51 శాతం మంది చెప్పిన్రు. తగ్గుతదని నమ్మినోళ్లు 40 శాతమే.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటరా? నమ్మకపోవుడు తప్పు కాదు. కానీ ఎందుకు నమ్ముతలేమో మనకే తెల్వకపోతే, మన అనుమానం ఇంకొకని చేతిల కట్టె అయితది. ఆ కట్టెతోటి దెబ్బలు మళ్ల మనకే పడ్తయి. అమెరికాల గదే అయింది. అందుకే జెర ఓపికతోటి సదువున్రి.

ముందుగాల ఎవల్ని కాపాడిన్రు?

2007 డిసెంబర్ల అమెరికాల మాంద్యం మొదలైంది. ఇండ్ల అప్పుల మీద బ్యాంకులు ఆడిన జూదం పెటిల్లున పలిగింది. 2008 సెప్టెంబర్ల లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. 2010 మొదలుకు వచ్చేసరికి సుమారు 87 లక్షల కొలువులు పోయినయి. ఇండ్ల కిస్తీలు కట్టలేక లక్షల కుటుంబాలు రోడ్డున వడ్డయి.

అప్పుడు సర్కారు ముందుగాల ఎవలి దిక్కు ఉరికింది? బ్యాంకుల దిక్కు. 2008 అక్టోబర్ల, బుష్ ప్రెసిడెంటుగ ఉన్నప్పుడే, 70,000 కోట్ల డాలర్ల దాకా వాడుకోవచ్చని చట్టం చేసిన్రు. బ్యాంకులకు ఇచ్చిన పైసలు తర్వాత తిరిగొచ్చినయి, అది నిజమే. కానీ ఇల్లు పోయినోని కండ్లకు కనవడ్డది ఒక్కటే. అప్పు ఎగ్గొట్టిన పెద్దోనికి సర్కారు చెయ్యందిచ్చింది, కిస్తీ తప్పిన చిన్నోనికి నోటీసు వచ్చింది. ప్రెసిడెంటు మారినా ఆ మంట సల్లారలె. అనుమానానికి ఇత్తనం వడ్డది గక్కడనే.

8 శాతం మాట

2009 జనవరిల ఒబామా గద్దెనెక్కిండు. ఫిబ్రవరిలనే 78,700 కోట్ల డాలర్ల ప్యాకేజీ తెచ్చిండు. రోడ్లు, బళ్లు, రాష్ట్రాలకు సాయం, పన్నుల తగ్గింపు, అన్నీ అందుల ఉన్నయి. దానికంటే ముందుగాల ఆయన ఆర్థిక సలహాదారులు ఒక కాయితం రాసిన్రు. ప్యాకేజీ పెడితే నిరుద్యోగం 8 శాతం దాటదు, పెట్టకపోతే ఇంకా మీదికి పోతదని అందుల ఉన్నది.

అయింది ఏంది? 2009 అక్టోబర్ల నిరుద్యోగం 10 శాతానికి వోయింది. పెట్టకపోతే ఎంత అయితదని చెప్పిన్రో, పెట్టినంక దాన్ని గూడ దాటింది. ప్రతిపక్ష రిపబ్లికన్లకు ఇంకేం గావాలె? మైకు దొరికిన ప్రతిసారి "8 శాతం అంటిరి గదా" అన్నరు.

ఇక్కడ జెర ఆగి సోచాయించాలె. జరం 104 ఉన్నోనికి గోలీ ఇస్తే 102కు వచ్చింది. గోలీ పనిచేసినట్టా, చెయ్యనట్టా? ముందుగాల జరం 101 అనే అనుకొని గోలీ ఇచ్చినోనికి, అది పెరిగినట్టే కొడ్తది. అమెరికాల గిదే జరిగింది. 2008 చివరి మూడు నెలల్ల ఆర్థిక వ్యవస్థ ఏడాది లెక్కన 3.8 శాతం పడిపోయిందని మొదట చెప్పిన్రు. ఏండ్లు గడిచినంక లెక్కలు సరిచేస్తే, అది 8 శాతం మీదనే అని తేలింది. అంటే రోగం ఎంత పెద్దదో డాక్టరుకే తెల్వలె. మందు మోతాదు చాల్లేదు. కానీ జనానికి చెప్పిన మాట మాత్రం 8 శాతం. సలహాదారుల అంచనాను జనం హామీ లెక్క విన్నరు. తప్పు జనంది కాదు, రాజకీయ నాయకుడు మాట్లాడితే అది హామీ లెక్కనే వినవడ్తది.

కాపాడిన కొలువు కనవడదు

రెండో చిక్కు లెక్క పెట్టుడుల ఉన్నది. ఒబామా సర్కారు "ఇచ్చిన లేదా కాపాడిన కొలువులు" అని ఒక మాట వాడింది. ఇచ్చిన కొలువు కనవడ్తది. కాపాడిన కొలువు ఎట్ల కనవడాలె? చెరువు కట్ట తెగకుంట ముందుగాలనే మట్టి పోసినోనికి ఎవలన్న దండం పెడ్తరా? కట్ట తెగినంక వచ్చి పడవల తిరిగినోని ఫోటోనే పేపర్ల వస్తది. రాష్ట్రాలకిచ్చిన సాయంతోటి బళ్లల్ల నిలవడ్డ టీచర్లు ఉన్నరు, అది నిజం. కానీ నా కొలువు పోకుంట ఆ ప్యాకేజే ఆపిందని ఏ టీచరుకు తెలుస్తది?

పైంగ లెక్కల్ల తప్పులు దొర్లినయి. ఖర్చు వివరాలు జనానికి చూపెడ్తమని సర్కారు ఒక వెబ్‌సైటు పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ 2009 నవంబర్ల చూస్తే, లేని నియోజకవర్గాలల్ల గూడ కొలువులు వచ్చినట్టు అందుల ఉన్నది! అరిజోనా రాష్ట్రంల అప్పుడు ఉన్నయి 8 నియోజకవర్గాలు. వెబ్‌సైటుల 15వ నియోజకవర్గం కనవడ్డది. పైసలు తీసుకున్నోళ్లు ఫారం తప్పుగ నింపిన్రు, సర్కారోళ్లు సరిచూడకుంట ఎక్కిచ్చిన్రు. తప్పు చిన్నదే గావచ్చు, కానీ నవ్వులపాలైంది మొత్తం లెక్క.

ఇంకో వింత జూడున్రి. అదే ప్యాకేజీల పని చేసే మనిషికి ఏడాదికి 400 డాలర్ల దాకా, మొగుడు పెండ్లాలిద్దరికి కలిపి 800 డాలర్ల దాకా పన్ను తగ్గిచ్చిన్రు. ఒక్కసారి చెక్కు ఇయ్యకుంట జీతంల కొంత కొంత కలిపిన్రు. చిన్న మొత్తమైతే దాసుకోకుంట ఖర్చు పెడ్తరు, బజారు నడుస్తదని వాళ్ల తెలివి. చానా మందికి పన్ను తగ్గినట్టే తెల్వలె. అర్థశాస్త్రం గెలిచింది, రాజకీయం ఓడింది.

2011 బిల్లుల ఏమున్నది?

రెండున్నరేండ్లు గడిచినంక ఒబామా తెచ్చిన కొత్త బిల్లు 44,700 కోట్ల డాలర్లది. విడగొట్టి చూస్తే సగం కంటే ఎక్కువ, సుమారు 24,000 కోట్లు, జీతాల మీద కట్టే పన్ను తగ్గింపే. మన పీఎఫ్ లెక్క అక్కడ గూడ జీతంల కెల్లి ముసలితనం పింఛన్‌కు 6.2 శాతం కోస్తరు. దాన్ని 3.1కి దించుతమన్నరు. కంపెనీల వాటాల గూడ కొంత తగ్గింపు ఉన్నది. నిరుద్యోగ భృతి పొడిగింపుకు, దానికి సంబంధించిన పనులకు 6,200 కోట్లు. రోడ్లు, రైళ్లు, విమానాశ్రయాలకు 5,000 కోట్లు. టీచర్లు, పోలీసులు, ఫైరోళ్ల కొలువులు పోకుంట 3,500 కోట్లు. బడి బిల్డింగుల మరమ్మతుకు 3,000 కోట్లు. మిగిలినయి చిన్న చిన్నయి.

బిల్లు పాసైతే 19 లక్షల కొలువులు వస్తయని మార్క్ జాండీ అనే ఆర్థికవేత్త లెక్క గట్టిండు. ఇంకొందరు దానికంటే చానా తక్కువ చెప్పిన్రు.

అయితే సమయం చూడున్రి. ప్రసంగానికి వారం ముందుగాల వచ్చిన కొలువుల నివేదిక, ఆగస్టు నెలల కొత్తగ పెరిగిన కొలువులు సున్నా అన్నది. తర్వాత ఆ అంకెను సరిచేసి పెంచిన్రు గానీ, సున్నా అనే మాట అప్పటికే ఊరంత తిరిగింది. అదే వారంల సర్కారు పూచీ మీద 53.5 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్న సోలిండ్రా అనే సోలార్ కంపెనీ మూతపడ్డది. 2010ల ఒబామా స్వయంగ పోయి మెచ్చుకొని వచ్చిన ఫ్యాక్టరీ అది. "తయారుగ ఉన్న పనులు" అని చెప్పినయి అనుకున్నంత తయారుగ లెవ్వని 2011 జూన్‌ల ఆయనే నవ్వుకుంట ఒప్పుకున్నడు. కొలువు లేనోనికి ఆ నవ్వు ఎట్ల కొడ్తదో ఆలోచించున్రి.

అనుమానం ఒక్కటి కాదు, మూడు

అమెరికా జనం అనుమానంల మూడు రకాలు కలిసి ఉన్నయి. వీటిని విడగొట్టుడు నేర్చుకుంటే ఏ హామీనైనా కొలువొచ్చు.

మొదటిది, మందు మీద అనుమానం. పన్ను తగ్గిస్తే కంపెనీ కొలువు ఇస్తదా? కంపెనీకి గిరాకీ ఉంటేనే మనిషిని పెట్టుకుంటది. సరుకు కొనేటోడు లేకపోతే ఎంత పన్ను తగ్గినా పైసలు బ్యాంకుల పెట్టుకొని కూసుంటది. ఇది సరైన అనుమానం. 1930ల మాంద్యంల రూజ్వెల్ట్ సర్కారు జనానికి నేరుగ పని ఇచ్చింది. 1935ల పెట్టిన ఒక్క కార్యక్రమంలనే, అది నడిచిన ఎనిమిదేండ్లల్ల, సుమారు 85 లక్షల మంది కూలి పొందిన్రు. ఒబామా బిల్లుల నేరుగ పని ఇచ్చేది తక్కువ, చుట్టు తిరిగి వచ్చేది ఎక్కువ.

రెండోది, చేతల మీద అనుమానం. పైసలు కింది దాకా వస్తయా, పని ఎప్పుడు మొదలైతది? 2011 సెప్టెంబర్ల ఒబామా ఒహాయో, కెంటకీ రాష్ట్రాల నడుమున్న బ్రెంట్ స్పెన్స్ వంతెన కాడికి పోయి, బిల్లు పాస్ చేస్తే దీన్ని బాగు చేస్తమన్నడు. ఆ వంతెనకు పెద్ద పైసలు మంజూరై, బైడెన్ అక్కడికి పోయి నిలవడ్డది 2023 జనవరిల. నడుమ పదకొండేండ్లు!

మూడోది, నియ్యత్ మీద అనుమానం. ఏడాదిల ఎలక్షన్లున్నయి గదా, అందుకే గీ బిల్లు అన్నరు. ఇది చూడ తెలివైన అనుమానం లెక్కనే ఉంటది. కానీ అన్నిట్ల పనికిరాంది గిదే. ఎలక్షన్ కోసం ఏసిన రోడ్డు మీద గూడ అంబులెన్సు పోతది. నియ్యత్ ఎట్లున్నా పని అవునా కాదా అని అడుగుడే మనకు లాభం.

అనుమానాన్ని ఎవలు వాడుకున్నరు?

2011 అక్టోబర్ 11 నాడు బిల్లు సెనేట్‌కు వచ్చింది. చర్చ మొదలు గావాలంటేనే 100 మందిల 60 ఓట్లు గావాలె. అనుకూలంగ 50, వ్యతిరేకంగ 49 వచ్చినయి. ఎక్కువ ఓట్లొచ్చినా బిల్లు ఆగింది. రిపబ్లికన్లల్ల ఒక్కలు గూడ ఓటేయలె. ఖర్చుకు పైసలు ఏడికెల్లి అంటే, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటి సంపాదించేటోళ్ల మీద అదనపు పన్ను అన్నరు. అసలు మంట అక్కడ వుట్టింది.

తర్వాత ముక్కలు ముక్కలు చేసి తెచ్చిన్రు. టీచర్ల ముక్క ఆగింది, రోడ్ల ముక్క ఆగింది. జీతం పన్ను తగ్గింపు మాత్రం పాత లెవల్ల కొనసాగింది, పాత సైనికులకు కొలువిచ్చే కంపెనీలకు రాయితీ పాసైంది. అంటే కొలువు నేరుగ నిలబెట్టే ముక్కలు పోయినయి, పన్ను తగ్గించే ముక్కలు నిలిచినయి. జనం "ఇది చాలదు, నేరుగ కొలువియ్యి" అన్నరు. వాళ్ల పేరు చెప్పుకొని నాయకులు ఉన్నది గూడ ఆపిన్రు. మాంద్యం తర్వాత కొన్నేండ్లల్ల రాష్ట్రాలు, స్థానిక సంస్థలల్ల ఆరు లక్షలకు పైగ సర్కారు కొలువులు పోయినయి. అందుల టీచర్లే చానా మంది.

ఈ కోపం సెగ మనోళ్లకు గూడ తాకింది. 2009 ప్యాకేజీలనే, సర్కారు సాయం తీసుకున్న బ్యాంకులు హెచ్-1బీ మీద మనుషులను తెచ్చుకునుడు కష్టం చేసిన్రు. 2010 ఆగస్టుల, ఆ వీసాల మీదనే సగం కంటే ఎక్కువ మందిని నడిపే కంపెనీల మీద ఒక్కో దరఖాస్తుకు 2,000 డాలర్లు అదనంగ ఏసిన్రు. హైదరాబాద్ కోచింగుల కూసున్న పోరలకు అది నేరుగ తగిలిన దెబ్బ. కొలువు ఇయ్యలేని రాజ్యం, ఆ కోపాన్ని బయటోని మీదికి మళ్లిస్తది. మన దగ్గర పక్క రాష్ట్రం కెల్లి వచ్చిన కూలోని మీద గదే కోపం మళ్లిస్తరు. రెండూ ఒక్క తీరే.

మరి మనం ఏం అడగాలె?

రేపు ఢిల్లీల గానీ, హైదరాబాద్‌ల గానీ, అమరావతిల గానీ ఎవలన్న కొలువుల లెక్క చెప్తే నవ్వి ఊకోవద్దు. ఈ కొలువు నేరుగ ఇస్తరా, కంపెనీకి రాయితీ ఇస్తే వస్తదంటున్నరా? కొత్తదా, ఉన్నదాన్నే మళ్ల లెక్క పెడ్తున్నరా? ఒక్క ఏడాదిదా, పర్మినెంటా? పైసలు ఎవలి జేబుల కెల్లి వస్తయి? పనైనంక లెక్క ఎవలు చూస్తరు? ఈ ఐదింటికి జవాబు చెప్పనోడు హామీ ఇస్తలేడు, ఆశ చూపెడ్తున్నడు.

ఆఖరి ప్రశ్నకు జవాబు మన ఊర్లల్లనే ఉన్నది. 2005 ఉపాధి హామీ చట్టం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల సామాజిక తనిఖీ మొదలు వెట్టిన్రు. మస్టర్ వట్టుకొని ఇల్లిల్లు తిరిగి, "నువ్వు ఇన్ని దినాలు పనికి పోయినవా, నీకు ఇంత ముట్టిందా" అని అడిగి, సభల అందరి ముందట చదివిన్రు. చచ్చిపోయినోని పేరు మీద కూలి లేస్తే ఊరే చెప్పింది. అరిజోనా లేని నియోజకవర్గం లెక్క మన ఊరి సభల చదివితే ఒక్క నిమిషం నిలవడకపోవు.

అనుమానానికి అంత బలం ఉన్నది. కానీ అది ప్రశ్నై, కాయితం మీదికి ఎక్కి, పది మంది ముందట చదివినప్పుడే. లేకపోతే నవ్వు మనది, లాభం వాళ్లది.