మీకు తెలుసా? రాయికోడ్ ఓటు ఒక దిక్కు, ఫైలు ఒక దిక్కు

రాయికోడ్ మండలం రెవెన్యూ లెక్కల్లో జహీరాబాద్ డివిజన్‌ది, ఎమ్మెల్యే ఓటు మాత్రం అందోలు నియోజకవర్గానిది! భూమి తగాదా ఆర్డీవో దాకా పోతే జహీరాబాద్ బస్సెక్కాలి. అసెంబ్లీ ఎన్నికలొస్తే ఈవీఎం మీద కనిపించేది అందోలు అభ్యర్థుల పేర్లు. పక్కనున్న ఝరాసంగం మండలానికి ఈ తికమక లేదు, దానికి రెండూ జహీరాబాదే.

2016 అక్టోబర్ 11న, దసరా నాడు, పాత మెదక్ జిల్లాను మూడు ముక్కలు చేశారు. రాయికోడ్ సంగారెడ్డికి వచ్చింది. అదే అందోలు నియోజకవర్గంలోని అల్లాదుర్గం, రేగోడు, టేక్మాల్ మెదక్‌లోనే ఉండిపోయాయి. జిల్లాల గీతలు మారినా 2008 నాటి నియోజకవర్గాల గీతలు మారలేదు మరి. అందుకే ఒకే ఎమ్మెల్యేకు ఇద్దరు కలెక్టర్లు!

ఎంపీ ఓటు దగ్గర మాత్రం అందోలు, జహీరాబాద్ మళ్లీ ఒక్కటే: జహీరాబాద్ లోక్‌సభ స్థానం. అది సంగారెడ్డి, మెదక్, కామారెడ్డి, నిజామాబాద్, నాలుగు జిల్లాల్లో పరచుకుంది.

అన్నట్టు, జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనప్పుడు మెదక్‌లో కలిపారు, ఒక్క నిర్ణా సర్కిల్‌ను తప్ప. ఆ నిర్ణా ఇప్పటికీ కర్ణాటకలోనే ఉంది.